చిన్న డబ్బా, పెద్ద తెర: ఫోటో ఎడిటింగ్‌కి కాంపాక్ట్ డెస్క్‌టాప్ ఎంచుకునే పద్ధతి

ఫోటో ఎడిటింగ్‌కి కంప్యూటర్ కావాలని షాపుకి వెళ్తే మొదట వినిపించే ప్రశ్న "ఐ5 కావాలా, ఐ7 కావాలా" అని. నిజానికి అది చిట్టచివర తేల్చుకోవాల్సిన సంగతి, చిన్న డెస్క్‌టాప్ విషయంలో మరీను. పెద్ద క్యాబినెట్ అయితే ఇవాళ పొరపాటు చేసినా రేపు ఒక కార్డు పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. మినీ పీసీలో ఆ వెసులుబాటు ఉండదు. పోర్టులు ఎన్నుంటే అన్నే, గ్రాఫిక్స్ ఏదుంటే అదే. కొన్నిట్లో ర్యామ్ కూడా బోర్డుకి అతికించేసి వస్తుంది.

అందుకే ఇక్కడ వరస తిరగేశాం. ముందు మీ పని, తర్వాత తెర, ఆ తెరకి వెళ్లే వైరు, ఆపైన మెమరీ, గ్రాఫిక్స్, డిస్కు. డబ్బా ఆఖర్న.

1. ముందు పనిని అంకెల్లో రాసుకోండి

మూడు అంకెలు చాలు: మీ కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ఒక్కో ఆర్డరుకి ఎన్ని ఫోటోలు, ఫోటోషాప్‌లో మీరు తెరిచే అతి పెద్ద ఫైలు ఎంత.

24 మెగాపిక్సెళ్ల రా ఫైలు (కెమెరా ఇచ్చే ముడి ఫైలు) కార్డు మీద 25–30 ఎంబీ ఉంటుంది. అది చూసి చిన్నదే కదా అనుకుంటాం. ఫోటోషాప్‌లో 16 బిట్‌లో తెరవగానే లెక్క మారిపోతుంది: 6000 × 4000 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కి మూడు రంగులు, రంగుకి 2 బైట్లు. అంటే 144 ఎంబీ. అదే 45 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే 270 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్‌ని డూప్లికేట్ చేసిన ప్రతిసారీ మళ్లీ అంత.

పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్ల లెక్క ఇంకా బరువు. 12 × 36 అంగుళాల షీటు 300 డీపీఐలో 3600 × 10800 పిక్సెళ్లు, అంటే దాదాపు 39 మెగాపిక్సెళ్లు. 8 బిట్‌లోనే ఒక్క నిండు లేయరు 117 ఎంబీ. దాని మీద ఏడెనిమిది ఫోటోలు స్మార్ట్ ఆబ్జెక్టులుగా, పీఎన్‌జీ పూల అంచులు, నీడలు, పైన రెండు మూడు అడ్జస్ట్‌మెంట్ లేయర్లు పడితే ఒక్క షీటే ర్యామ్‌లో రెండు మూడు జీబీ ఆక్రమిస్తుంది. పీఎస్‌డీ ఫైలు 2 జీబీ దాటితే సేవ్ కాదు, పీఎస్‌బీగా (ఫోటోషాప్‌లో పెద్ద ఫైళ్ల రకం) సేవ్ చేయాలి. తరచూ పీఎస్‌బీ దాకా వెళ్లేవాళ్లు కింద చెప్పే మెమరీ అంకెల్లో పెద్దదే తీసుకోండి.

ఇక నిల్వ. పెళ్లికి 4000 రా ఫైళ్లు, ఫైలుకి 30 ఎంబీ అనుకుంటే 120 జీబీ. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాక నెలలో ఎన్ని పెళ్లిళ్లు చేస్తారో దాంతో గుణించుకోండి.

2. తెర: అంగుళాలు కాదు, అంగుళానికి పిక్సెళ్లు

"32 అంగుళాలు" అన్నమాట ఒక్కటే వింటే ఏమీ తెలియదు. అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు పట్టాయన్నది చూడాలి. 27 అంగుళాల 4కే (3840 × 2160) తెరలో అంగుళానికి 163 పిక్సెళ్లు, 32 అంగుళాల 4కేలో సుమారు 138, 27 అంగుళాల 5కే (5120 × 2880) తెరలో 218. 34 అంగుళాల వెడల్పాటి 3440 × 1440 తెరలో 110 మాత్రమే. 43 అంగుళాల 4కే తెర తీసుకున్నా అంగుళానికి 102 దగ్గరే ఆగుతుంది.

మా సిఫారసు: ఫోటో పనికి 27 లేక 32 అంగుళాల 4కే ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం). ఆల్బమ్ షీట్లు ఎక్కువగా చేసేవాళ్లకి 32 హాయి, ఎందుకంటే అడ్డంగా పొడుగాటి షీటు మొత్తం కనబడుతూనే పక్కన లేయర్ల ప్యానెల్ తెరిచి ఉంచుకోవచ్చు. ముఖం మీద చర్మం రీటచ్ చేసే పనే ఎక్కువైతే 27.

మ్యాక్‌కి కలిపేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 27 అంగుళాల 4కే తెరని అసలు కొలతకి పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి. అందుకని అందరూ 2560 × 1440 లాగా కనిపించే సెట్టింగ్ పెట్టుకుంటారు. అప్పుడు మ్యాక్ లోపల 5120 × 2880 బొమ్మ గీసి, దాన్ని 3840 × 2160కి కుదించి తెరకి పంపుతుంది. గ్రాఫిక్స్ మీద పని పెరుగుతుంది, ఫోటోషాప్‌లో 100 శాతం జూమ్ పెట్టినా తెర పిక్సెల్‌కి ఫోటో పిక్సెల్ సరిగ్గా పడదు. మామూలు ఎడిటింగ్‌లో దీని ఊసే ఉండదు గానీ షార్ప్‌నెస్ అంచనా వేసేటప్పుడు మోసం చేస్తుంది. 5కే తెరలో ఈ గొడవ లేదు, అక్కడ లెక్క సరిగ్గా రెండింతలే. విండోస్‌లో 150 శాతం స్కేలింగ్ పెట్టినా ఫోటో మాత్రం అసలు పిక్సెళ్లతోనే కనిపిస్తుంది.

రంగుల సంగతి. ఎస్‌ఆర్‌జీబీ, డీసీఐ-పీ3, అడోబీ ఆర్‌జీబీ అనేవి తెర చూపగల రంగుల పరిధులు, మొదటిది చిన్నది. ల్యాబులో ప్రింటు, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మాత్రమే మీ గమ్యం అయితే ఎస్‌ఆర్‌జీబీని 99–100 శాతం చూపించే తెర చాలు. డీసీఐ-పీ3 95 శాతం ఉన్న తెర తీసుకుంటే మంచిదే, కానీ అందులో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో, ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చనిస్తుందో లేదో చూడండి. చవక తెరలు కొన్ని ఆ మోడ్‌లోకి వెళ్లగానే బ్రైట్‌నెస్‌ని లాక్ చేసేస్తాయి. అలాంటిది వద్దు. అడోబీ ఆర్‌జీబీ తెరలు ఇంట్లో పెద్ద ఇంక్‌జెట్ ప్రింటర్ పెట్టుకుని ఆర్ట్ ప్రింట్లు తీసేవాళ్లకి.

"55 అంగుళాల టీవీయే పెట్టుకుంటే పోలా" అని అడిగేవాళ్లుంటారు. క్లయింట్‌కి ఫోటోలు చూపించడానికి భేషుగ్గా ఉంటుంది. ఎడిటింగ్‌కి వద్దు. టీవీ తనంతట తాను షార్ప్‌నెస్ పెంచుతుంది, చర్మం రంగు వెచ్చబరుస్తుంది, కొన్నిట్లో తెర మొత్తం తెల్లగా ఉంటే వెలుగు తగ్గిస్తుంది. తప్పనిసరైతే ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి పీసీ మోడ్ పెట్టి, షార్ప్‌నెస్ సున్నా చేసి, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద సన్నటి ఎర్ర అక్షరాలు చూడండి. అంచులు అలుక్కుపోతే ఆ టీవీ రంగు సమాచారాన్ని సగానికి సగం వదిలేస్తోందని అర్థం.

3. వైరు దగ్గర లెక్క తప్పితే

వేలు పోసి, రంగు ఛాయలు ఎక్కువగా చూపే 10 బిట్ తెర కొని, డబ్బాతో వచ్చిన పాత వైరు గుచ్చి 8 బిట్‌లోనే ఏళ్లు గడిపేసేవాళ్లు కోకొల్లలు. ఇక్కడ కూడికలు, గుణకారాలే పని చేస్తాయి, కాస్త ఓపిక పట్టండి.

4కే, 60 హెర్ట్జ్ (సెకనుకి 60 బొమ్మలు), 8 బిట్ రంగు అంటే సెకనుకి దాదాపు 12.5 గిగాబిట్లు వైరులో పారాలి. అదే 10 బిట్ అయితే 15.7. హెచ్‌డీఎంఐ 2.0 పెట్టె మీద 18 అని రాసి ఉంటుంది కానీ అసలు బొమ్మకి మిగిలేది 14.4 మాత్రమే. కాబట్టి హెచ్‌డీఎంఐ 2.0 మీద 4కే 60లో నిండు రంగుతో 10 బిట్ రానే రాదు. గ్రాఫిక్స్ డ్రైవర్ 8 బిట్‌కి దిగుతుంది, లేదంటే రంగు సమాచారం కొంత కోసి 10 బిట్ అని చూపిస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4లో బొమ్మకి 25.9 గిగాబిట్లు దొరుకుతాయి, 4కేకి అది పుష్కలం. 5కే 60 హెర్ట్జ్ 10 బిట్‌కి మాత్రం 27 పైన కావాలి కాబట్టి డీఎస్‌సీ అనే కుదింపు పద్ధతిని రెండు వైపులా సపోర్ట్ చేయాలి. పాత హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కేకి 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. మౌస్ కర్సర్ నీళ్లలో ఈదుతున్నట్టు కదులుతుంటే అదే కారణం.

మినీ పీసీ స్పెక్స్‌లో "4కే సపోర్ట్" అని మాత్రమే ఉంటే నమ్మకండి. 60 హెర్ట్జా 30 హెర్ట్జా, హెచ్‌డీఎంఐ 2.0నా 2.1నా అని రాసి ఉండాలి.

టైప్-సీ హబ్బుల గొడవ ఇంకోటి. టైప్-సీ వైరులో వేగంగా డేటా మోసే దారులు నాలుగు. హబ్బు మీద యూఎస్‌బీ 3 పోర్టులు కూడా ఉంటే రెండు దారులు డేటాకి పోయి, తెరకి రెండే మిగులుతాయి. పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2 చిప్ ఉన్న హబ్బులో ఆ రెండు దారుల్లో పారేది 8.6 గిగాబిట్లు, అంటే 4కే 30 హెర్ట్జే. కొత్త 1.4 చిప్ అయితే 12.9, 8 బిట్‌లో 4కే 60కి బొటాబొటీగా సరిపోతుంది. అందుకే ఒకే తెర, ఒకే కంప్యూటర్ అయినా హబ్బు మార్చగానే కర్సర్ సాఫీగా కదులుతుంది. వీలైతే ప్రధాన తెరని హబ్బుకి కలపకండి, నేరుగా డబ్బాకే కలపండి.

రెండు తెరలు పెట్టేవాళ్లకి మరో జాగ్రత్త. ఒక తెర నుంచి ఇంకో తెరకి డిస్‌ప్లేపోర్ట్ గొలుసు కట్టే పద్ధతి విండోస్‌లో పని చేస్తుంది. మ్యాక్‌లో అలా కడితే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది. మ్యాక్‌కి ఒక్కో తెరకి ఒక్కో పోర్టు ఇవ్వాల్సిందే. ఎం4 మ్యాక్ మినీ మూడు తెరల దాకా నడుపుతుంది: థండర్‌బోల్ట్ (టైప్-సీ ఆకారంలోని వేగమైన పోర్టు) మీద 6కే 60 హెర్ట్జ్‌వి రెండు, మూడోది థండర్‌బోల్ట్ మీద 5కే గానీ హెచ్‌డీఎంఐ మీద 4కే గానీ.

4. మెమరీ

16 జీబీ అనేది ఒక తెర మీద లైట్‌రూమ్‌తో జేపీఈజీలూ 24 మెగాపిక్సెళ్ల రా ఫైళ్లూ సరిచేసేవాళ్లకి కనీసం. ఫోటోషాప్ కూడా పక్కన తెరిచి ఉంటే 32. పైన చెప్పిన ఆల్బమ్ షీట్లు, పనోరమాలు, 45 మెగాపిక్సెళ్ల పైన కెమెరాలు అయితే 64. మ్యాక్ మెమరీని పొదుపుగా వాడుకుంటుంది కాబట్టి 24 జీబీ మధ్యస్థంగా సరిపోతుంది, కానీ "మ్యాక్‌లో 8 అంటే విండోస్‌లో 16" అన్న మాట పిక్సెళ్ల విషయంలో చెల్లదు. 144 ఎంబీ లేయరు ఎక్కడైనా 144 ఎంబీయే.

విండోస్ మినీ పీసీలో ఎంత ర్యామ్ అన్నదానితో సమానంగా ఎన్ని కర్రలు (ర్యామ్ పట్టీలు) అన్నదీ చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని డబ్బాలో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్ మీద బతుకుతుంది. డీడీఆర్5-5600 కర్ర ఒక్కటే ఉంటే సెకనుకి 44.8 జీబీ దారి. రెండు ఉంటే 89.6. షాపువాళ్లు "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు సార్" అంటూ 32 జీబీ కర్ర ఒక్కటే వేసి ఇస్తే 4కే తెర మీద లైట్‌రూమ్ స్లైడర్లు తడబడేది అందుకే. 16 జీబీవి రెండు అడగండి. ర్యామ్ అతికించి వచ్చే మోడల్ అయితే బాక్స్ మీద అంకె చూసి ఇప్పుడే పెద్దది తీసుకోవడం తప్ప వేరే దారి లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి కాబట్టి "తర్వాత చూద్దాం" అనేది చవకగా పడుతుందన్న భరోసా లేదు.

తెచ్చాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవండి. ఎన్ని స్లాట్లు నిండాయో, ఎంత వేగంతో నడుస్తోందో అక్కడే కనిపిస్తుంది.

5. గ్రాఫిక్స్: అందరికీ అక్కర్లేదు, కావాల్సినవాళ్లకి తప్పదు

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, కర్వ్స్, క్రాప్ వరకే మీ పని అయితే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. రైజెన్ 7 8845హెచ్ఎస్‌లో ఉండే 780ఎం, ఇంటెల్ కోర్ అల్ట్రా హెచ్ వరసలోని ఆర్క్, ఎం4 మ్యాక్ మినీ, ఏదైనా ఒక 4కే తెరతో ఈ పనిని లాగేస్తాయి.

ఎక్కడ తేడా వస్తుందంటే, లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఏఐ డీనాయిజ్ (ఫోటోలో గరుకు చుక్కలు తీసేసే పని) దగ్గర. దాని భారమంతా గ్రాఫిక్స్ మీదే. రాత్రి సంగీత్‌లో ఐఎస్‌ఓ 6400లో తీసినవి 300 ఫోటోలున్నాయి అనుకోండి. ఫోటోకి ఒక నిమిషం పట్టే డబ్బాలో అది 5 గంటలు. 12 సెకన్లు పట్టే దాంట్లో 1 గంట. నెలకోసారి అయితే రాత్రి పెట్టి పడుకోవచ్చు. వారానికి మూడుసార్లు అయితే 8 జీబీ మెమరీ ఉన్న విడి కార్డుకి డబ్బు పెట్టండి. 4కే తెరకి కనీసం 4 జీబీ, పూర్తి వేగానికి విడి కార్డులో 8 జీబీ లేదా ర్యామ్‌ని పంచుకునే గ్రాఫిక్స్ అయితే 16 జీబీ అన్నది అడోబీ ఇచ్చే సలహా.

విడి కార్డు లేని మినీ పీసీల్లో బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే మూల సెట్టింగ్స్) తెరిచి గ్రాఫిక్స్‌కి కేటాయించిన మెమరీ ఎంతో చూడండి. కొన్ని డబ్బాలు 512 ఎంబీతో వస్తాయి. 32 జీబీ ర్యామ్ ఉంటే దాన్ని 4 జీబీకి పెంచుకోవచ్చు. 16 జీబీయే ఉంటే 2 దగ్గర ఆపండి, లేకపోతే ఫోటోషాప్‌కి మిగిలేది తగ్గిపోతుంది.

6. డిస్కు

లోపల 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. 512 జీబీతో మొదలుపెట్టే వీలుంది, కానీ విండోస్, అడోబీ ప్రోగ్రాములు, లైట్‌రూమ్ క్యాటలాగ్, ప్రివ్యూలు, ఫోటోషాప్ స్క్రాచ్ (ర్యామ్ చాలనప్పుడు వాడే తాత్కాలిక చోటు) అన్నీ అక్కడే చేరతాయి. సెకనుకి 3500 ఎంబీదా 7000 ఎంబీదా అన్నది లైట్‌రూమ్‌లో పెద్దగా తెలియదు, ఆ తేడా డబ్బు ర్యామ్ మీద పెట్టండి. చవక క్యూఎల్‌సీ (ఒక్కో గడిలో నాలుగు బిట్లు కుక్కే) డిస్కులు మాత్రం వద్దు: వంద జీబీ ఒకేసారి కాపీ చేస్తే మొదట పరిగెత్తి, మధ్యలో క్యాష్ నిండగానే హార్డ్ డిస్కు కన్నా నెమ్మదిస్తాయి.

నడుస్తున్న ఆర్డర్లు 10 గిగాబిట్ల బయటి ఎస్ఎస్‌డీ మీద, అయిపోయినవి హార్డ్ డిస్కుల మీద, రెండేసి కాపీలు. ఒక కాపీ ఇంకో ఇంట్లో ఉంటే మేలు. లైట్‌రూమ్‌లో కెమెరా రా క్యాష్ మొదట 5 జీబీయే ఉంటుంది. దాన్ని 30–50కి పెంచండి.

ఒక చిన్న చికాకు: యూఎస్‌బీ 3 డిస్కులు నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద పుట్టిస్తాయి. వైర్‌లెస్ మౌస్ డాంగిల్ పక్క పోర్టులోనే ఉంటే కాపీ జరుగుతున్నంతసేపూ కర్సర్ గెంతుతూ ఉంటుంది. మౌస్ పాడైందని కొత్తది కొనకండి. డాంగిల్‌ని ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరపండి.

7. ఇప్పుడు డబ్బా

మనవాళ్లు క్యాబినెట్ మొత్తాన్నీ సీపీయూ అనేస్తారు గానీ, ఇక్కడ మూడు రకాల "సీపీయూ"లు ఉన్నాయి.

మ్యాక్ మినీ. 2024 నవంబరులో వచ్చిన ఎం4 మోడల్ 12.7 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల ఎత్తు. 16 జీబీ మెమరీ, 256 జీబీ డిస్కుతో మన దగ్గర రూ. 59,900కి విడుదలైంది. ఆ డబ్బుకి ఫోటో పనిలో ఇంత చేసే చిన్న డబ్బా ఇంకోటి దొరకడం కష్టం. మెలిక ఎక్కడంటే, విడుదల ధరల్లో మెట్టు ఎక్కిన ప్రతిసారీ రూ. 20,000: 512 జీబీకి 79,900, దాని మీద 24 జీబీ మెమరీకి 99,900. డిస్కుకి ఆ ఇరవై వేలు ఇవ్వక్కర్లేదు, బయట ఎస్ఎస్‌డీ పెట్టుకోవచ్చు. మెమరీ మాత్రం బయట నుంచి చేర్చలేరు, కాబట్టి డబ్బు పెడితే అక్కడే పెట్టండి. ఎస్‌డీ కార్డు స్లాట్ లేదు, రీడర్ ఖర్చు కలుపుకోండి. పవర్ బటన్ డబ్బా అడుగున ఉంటుంది. స్టాండులో బిగించేముందు వేలు దూరే సందు ఉందో లేదో చూడండి.

ఆల్బమ్ పని చేసేవాళ్లు మ్యాక్‌కి మారేముందు ఇంకో రెండు చూసుకోవాలి. మీరు కొన్న అను ఫాంట్ల (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) కాపీ, ఆల్బమ్ డిజైన్ ప్లగిన్లు విండోస్‌కి మాత్రమే అయితే అవి అక్కడ కదలవు. యూనికోడ్ తెలుగు వాడితే ఈ బెడద ఉండదు. పాత ఫోటోషాప్ వెర్షన్లలో ఒత్తులు విడిపోయి వస్తుంటే టైప్ ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుని, ఫైలు మూసి తెరవండి. శుభలేఖ మీద "లక్ష్మి" లక్షణంగా వస్తుంది.

విండోస్ మినీ పీసీ. ఇంటెల్ తన ఎన్‌యూసీ మినీ పీసీల తయారీని 2023లో ఆపేసింది, ఆ వరసని ఇప్పుడు ఏసుస్ నడుపుతోంది. మిగతా కంపెనీలవి బోలెడు. ప్రాసెసర్ పేరు చివర హెచ్ లేక హెచ్ఎస్ ఉన్న 8 కోర్ల చిప్, రెండు ర్యామ్ స్లాట్లు, ఎస్ఎస్‌డీలకి రెండు ఎం.2 స్లాట్లు, యూఎస్‌బీ4 కనీసం ఒకటి, ఇవి మీ చెక్‌లిస్ట్. ఎన్100 చిప్ ఉన్న చవక డబ్బాలు బిల్లింగ్ కౌంటర్‌కి బాగుంటాయి. నాలుగు చిన్న కోర్లు, ర్యామ్‌కి ఒకే దారి, ఫోటో పనికి వాటి జోలికి పోవద్దు. సర్వీస్ సెంటర్ మన దేశంలో ఉందా, అడాప్టర్ పోతే విడిగా దొరుకుతుందా అని అడగడం మరవకండి. డబ్బా కంటే ముందు పోయేది తరచూ అడాప్టరే.

మినీ-ఐటీఎక్స్ అసెంబ్లింగ్. 17 సెంటీమీటర్ల చదరపు బోర్డు, ఎస్ఎఫ్ఎక్స్ (చిన్న సైజు) పవర్ సప్లై, విడి గ్రాఫిక్స్ కార్డు, అన్నీ పది పదిహేను లీటర్ల కేసులో. డీనాయిజ్ పని ఎక్కువ ఉన్నవాళ్లకి ఇదే దారి. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో విడి భాగాలన్నీ ఒకే చోట తిరిగి కొనుక్కోవచ్చు, కానీ చిన్న కేసు అసెంబ్లింగ్‌లో కొలతలు మీరే చూసుకోండి. కేసులో కార్డు ఎంత పొడవు పడుతుంది, కూలర్ ఎంత ఎత్తు పడుతుంది అని మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. కార్డు పొడవుకి పవర్ వైరు వంపు కలుపుకుని సందు వదలండి. బోర్డు మీద ర్యామ్ స్లాట్లు రెండే, అందుకని నిండు జత ఒకేసారి కొనండి. ఇంటికి తెచ్చాక ఎక్కువమంది చేసే తప్పు: తెర వైరుని కార్డుకి కాకుండా బోర్డు మీది హెచ్‌డీఎంఐకి గుచ్చడం. కార్డు ఊరికే కూర్చుంటుంది, తెర ప్రాసెసర్ గ్రాఫిక్స్ మీద నడుస్తుంది.

8. ఎండాకాలం, కరెంటు

మినీ పీసీ ఏసీ షోరూములో పరుగులు పెడుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం వేరే కథ. గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్ 85కి చేరుతోందంటే, గది 40 అయితే అదే పనికి 100 వైపు వెళ్తుంది. అక్కడ చిప్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. తెర వెనక బిగించే బ్రాకెట్ చూడ్డానికి బాగుంటుంది, కానీ తెర వేడి, గోడ ఇరుకు రెండూ కలుస్తాయి. బల్ల మీద నాలుగు వైపులా జానెడు ఖాళీ వదిలి పెట్టడమే మంచిది. మూడు నెలలకోసారి జాలీల్లో దుమ్ము బ్లోయర్‌తో కొట్టండి, కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా పుల్లతో ఆపండి.

డెస్క్‌టాప్‌కి బ్యాటరీ లేదు. క్యాటలాగ్ రాస్తుండగా కరెంటు పోతే అది పాడయ్యే ప్రమాదం ఉంది. మినీ పీసీ, ఒక తెర కలిపి 170 వాట్ల లోపే కాబట్టి 600 వీఏ యూపీఎస్ సేవ్ చేసుకుని ఆపేంత సమయం ఇస్తుంది. విడి కార్డు ఉంటే 1000 వీఏ. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అవ్వొచ్చు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొన్ని మంచి పవర్ సప్లైలు నిలబడవు, సైన్ వేవ్ ఉండాలి.

9. తెచ్చిన వారంలో చేయాల్సినవి

వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే ఇవి చేయండి.

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ 3840 × 2160, 60 హెర్ట్జ్, 10 బిట్, ఆర్‌జీబీ అని ఉండాలి. 8 బిట్ అని ఉంటే వైరు మార్చి చూడండి, ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగ్.

తెరని అరగంట వెలిగించి ఉంచాక క్యాలిబ్రేట్ చేయండి. తెర రంగు కొలిచే పరికరం, డేటాకలర్ స్పైడర్ గానీ క్యాలిబ్రైట్ గానీ, అద్దెకో అరువుకో దొరికినా చాలు. వైట్ పాయింట్ 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు చదరపు మీటరుకి 100–120 క్యాండెలాలు. ఈ చివరి అంకె ముఖ్యం. కొత్త తెర ఫ్యాక్టరీ నుంచి 300 దగ్గర వెలుగుతూ వస్తుంది. ఆ వెలుగులో పెళ్లికూతురి ముఖం మెరిసిపోతుంటే మీరు ఎక్స్‌పోజర్ తగ్గిస్తారు, ల్యాబ్ నుంచి ఆల్బమ్ నల్లగా వస్తుంది, తిట్లు ల్యాబ్‌వాడికి పడతాయి.

రంగు తేలిపోతే ఇంకో చోట వెతకాలి. పసుపు బట్టలు, కుంకుమ, పట్టుచీర అంచు తెర మీద నిండుగా ఉండి ప్రింటులో వెలిసిపోయాయంటే ఫైలు అడోబీ ఆర్‌జీబీలో వెళ్లి, ల్యాబ్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని ప్రింట్ చేసి ఉంటుంది. ఎక్స్‌పోర్ట్‌లో ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి. ఫోటోషాప్‌లో అయితే కన్వర్ట్ టు ప్రొఫైల్ వాడాలి. అసైన్ ప్రొఫైల్ వాడితే అంకెలు అలాగే ఉండి రంగులే మారిపోతాయి.

చివరిది, డబ్బా దమ్ము చూసే పరీక్ష. ఒకే రకం 200 రా ఫైళ్లు తీసుకుని, మధ్యాహ్నం వేళ, మీరు రోజూ కూర్చునే గదిలో ఏసీ ఆపి, నిండు సైజు జేపీఈజీలుగా ఎక్స్‌పోర్ట్ పెట్టండి. ఫోల్డరులో ఫైళ్లు తయారైన సమయాలు చూసి మొదటి 50కి ఎంత పట్టిందో, ఆఖరి 50కి ఎంత పట్టిందో రాసుకోండి. పదో వంతు తేడా మామూలే. ఆఖరి 50కి ఒకటిన్నర రెట్లు పడితే చల్లబరచడం చాలడం లేదు. ముందు బయోస్‌లో ఫ్యాన్ సెట్టింగ్ పెంచి, డబ్బాని ఖాళీ చోటుకి జరిపి మళ్లీ పెట్టండి. అప్పుడూ అంతే అయితే బిల్లు, అట్టపెట్టె తీసుకుని షాపుకి బయలుదేరండి.